ఫ్రాన్స్ పల్లెల్లో ఒక్క పెద్ద భోజనం: లాయోల్, ఊష్, వొన్నా... ఏది మేలు?

యూరప్ ట్రిప్ వేసుకున్న మనవాళ్లలో చాలామంది పారిస్‌లోనే ఏదో ఒక పేరున్న రెస్టారెంట్ బుక్ చేసుకుని ఆ ముచ్చట తీర్చుకుంటారు. నా మాట వింటే ఆ డబ్బు పారిస్‌లో పెట్టకండి. ఫ్రెంచి వంటలో పెద్ద పేర్లు చాలావరకు ఊళ్లలోంచి వచ్చినవే. టైర్ల కంపెనీ మిషెలిన్ తన రెస్టారెంట్ల గైడ్‌లో ఇచ్చే అన్నిటికన్నా పెద్ద మార్కు మూడు స్టార్లు, వాటికి చెప్పిన అర్థమే "దానికోసమే ప్రయాణం పెట్టుకోవచ్చు" అని. కారేసుకుని ఊళ్లు దాటి వెళ్లి, మధ్యాహ్నమంతా బల్ల దగ్గర కూర్చుని తినే భోజనానికి ఉన్న రుచి, మెట్రో దిగి వెళ్లి తినే భోజనానికి రాదు.

నేను పోల్చేది మూడు రెస్టారెంట్లని: దక్షిణ ఫ్రాన్స్‌లోని ఒబ్రాక్ పీఠభూమి మీద లాయోల్ దగ్గరున్న బ్రాస్, రోఆన్ పక్కన ఊష్‌లోని త్రువాగ్రో, బ్రెస్ ప్రాంతంలో వొన్నా ఊళ్లోని జార్జ్ బ్లాన్. మూడూ కుటుంబాలు నడిపేవే, తరాలు మారినవే. పనితనంలో ఏదీ ఇంకోదానికి తీసిపోదు కాబట్టి స్టార్లు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే తేలదు. నేను చూసేవి రెండే. కిటికీలోంచి కనబడే నేల ప్లేటులోకి ఎంతవరకు వచ్చింది? మనం తినేవీ తిననివీ తీసేస్తే ఆ బల్ల మీద మనకి ఎంత మిగులుతుంది? మా ఇంట్లోలాగే మీ ఇంట్లోనూ సగంమంది శాకాహారులైతే రెండో ప్రశ్నే ముందు వేసుకోవాలి.

నా ఓటు బ్రాస్‌కే. ఎందుకో కాస్త వివరంగా చెప్తాను.

లాయోల్ చాకులకీ చీజ్‌కీ పేరుపడ్డ చిన్న ఊరు. చుట్టూ సుమారు వెయ్యి మీటర్ల పైన పరుచుకున్న గడ్డినేల, రాతి గోడలు, లేత గోధుమరంగు ఒబ్రాక్ ఆవులు. మిషెల్ బ్రాస్ పెద్ద వంటవాళ్ల దగ్గర శిష్యరికం చేయలేదు. ఊరి మధ్యలో వాళ్ల కుటుంబం నడిపిన హోటల్లో అమ్మ దగ్గరే వంట నేర్చుకున్నాడు. 1992లో ఊరికి కాస్త దూరంగా గుట్ట మీద గాజు, రాయి కలిపి సొంత రెస్టారెంట్ కట్టుకున్నాడు. 1999లో మూడో స్టార్ వచ్చింది. ఇప్పుడు నడిపేది కొడుకు సెబాస్టియన్. ఆయన 2017లో, మమ్మల్ని మీ గైడ్‌లోంచి తీసేయండి అని మిషెలిన్‌నే అడిగాడు. ఇన్‌స్పెక్టర్ ఏ రోజు వస్తాడో, ఏ ప్లేటు చూసి మార్కులు వేస్తాడో అన్న టెన్షన్ లేకుండా వండుకోవాలన్నదే ఆయన కోరిక. 2018 గైడ్‌లో ఆ పేరు లేదు. 2019లో మిషెలిన్ వాళ్లే రెండు స్టార్లతో మళ్లీ చేర్చారు. రోజూ వచ్చేవాళ్ల కోసం వండుకుంటానని అంత ధైర్యంగా చెప్పిన వంటవాడి మీద నాకు గౌరవం ఎక్కువ. ఓటులో దానికీ కొంత వాటా ఉంది.

ఇక ప్లేటు సంగతి. బ్రాస్ అంటే గార్గుయు. అసలు గార్గుయు ఆ ప్రాంతపు రైతుల బంగాళదుంపల వంటకం. మిషెల్ బ్రాస్‌కి పరుగు అలవాటు. జూన్ నెలలో, పీఠభూమి మొత్తం పూలతో నిండిపోయే రోజుల్లో, పరిగెడుతూ చూసినదాన్ని ప్లేటులో పెట్టాలనుకున్నాడు. అలా 1980 ప్రాంతంలో ఈ కొత్త గార్గుయు పుట్టింది. యాభై అరవై రకాల కూరలు, ఆకులు, మొలకలు, గింజలు, పూలు ఒకే ప్లేటులో ఉంటాయి. ఆ రోజు తోటలో, సంతలో ఏది దొరికితే అది. వండాల్సిన ప్రతి కూరనీ విడివిడిగా, దానికి కావలసినంతసేపే ఉడికిస్తారు. ముదురు కాడకి ఒక లెక్క, లేత బఠాణీకి ఇంకో లెక్క. వడ్డించే ముందు అన్నీ బాణలిలో కలుస్తాయి. పచ్చి ఆకులూ పూలూ చివర్లో పైన పడతాయి. ఒక ముద్దలో చేదు, తర్వాతి ముద్దలో తీపి, మధ్యలో ఎక్కడో సోంపు వాసన. ఇన్ని ఉన్నా ఏ రుచీ ఇంకోదాన్ని మింగేయదు. కూరగాయని పక్కన పెట్టే వస్తువుగా కాకుండా భోజనానికి నడుమ కూర్చోబెట్టడం ఆ రోజుల్లో ఫ్రాన్స్‌లో చాలా పెద్ద అడుగు. కూరలంటే ప్రాణం పెట్టే మనకి ఇంతకన్నా బాగా అర్థమయ్యే ఫ్రెంచి వంటకం ఇంకోటి లేదని నా నమ్మకం.

అయితే శాకాహారులు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. మిషెల్ బ్రాస్ రాసుకున్న అసలు పద్ధతిలో ఆ బాణలిలో ముందు పంది హ్యామ్ ముక్క వేసి, ఆ కొవ్వు దిగాక కూరల ఉడుకునీళ్లు, వెన్న చేర్చి కూరలు వేస్తారు. పైకి చూస్తే అన్నీ ఆకులూ పూలే, అడుగున మాంసం రుచి ఉంటుంది. బుక్ చేసేటప్పుడే చెబితే హ్యామ్ లేకుండా చేస్తారు. వెళ్లి కూర్చున్నాక చెబితే వాళ్లకీ ఇబ్బంది, మనకీ ఇబ్బంది.

మిషెల్ బ్రాస్ చేతిలోంచే వచ్చిన ఇంకో వస్తువు మనందరికీ తెలుసు, ఎవరిదో తెలియకుండానే. హైదరాబాద్, విజయవాడల్లో ప్రతి బేకరీ, పిజ్జా షాపు అమ్మే చాకో లావా కేకుకి మూలం ఆయన 1981లో తయారుచేసిన చాక్లెట్ కేకే. బయట దొరికే వాటిలో చాలావరకు సగం కాలిన పిండే కారుతుంది. బ్రాస్ పద్ధతి వేరు. చాక్లెట్, క్రీమ్ కలిపిన ముద్దని ముందే గడ్డకట్టించి, దాని చుట్టూ పిండి పోసి ఓవెన్‌లో పెడతారు. చుట్టూ ఉన్న పిండి పూర్తిగా కాలేసరికి లోపలి గడ్డ కరుగుతుంది. చెంచా దింపితే పచ్చిపిండి రాదు, వేడి చాక్లెట్ వస్తుంది. అది కుదరడానికి ఆయనకి రెండేళ్లు పట్టిందట.

బల్ల దగ్గరి పద్ధతిలో కూడా ఆ ఊరి తీరు కనిపిస్తుంది. పెద్ద రెస్టారెంట్లలో ప్రతి వంటకానికీ చాకు మారుస్తారు. ఇక్కడ మొదట ఇచ్చిన లాయోల్ చాకే చివరిదాకా మీది. రొట్టె ముక్కతో తుడుచుకుని మళ్లీ వాడుకోవాలి. జేబులో సొంత చాకు పెట్టుకు తిరిగే ఆ ప్రాంతపు రైతుల అలవాటు అది.

కష్టం కూడా చెప్పాలి: లాయోల్‌కి రైలు లేదు. రోడెజ్ నుంచి కారులో గంట, క్లెర్మో ఫెరాన్ నుంచి రెండు గంటల దాకా పడుతుంది. చలికాలమంతా రెస్టారెంట్ మూసేసే ఉంటుంది. డిసెంబరు సెలవుల్లో వెళ్లేవాళ్లు దీన్ని మర్చిపోవాల్సిందే.

త్రువాగ్రో కథ రోఆన్ రైల్వే స్టేషన్ ఎదుట 1930లో మొదలైంది. అన్నదమ్ములు జాన్, పియెర్ దాన్ని ప్రపంచానికి తెలిసేలా చేశారు. 1968లో వచ్చిన మూడు స్టార్లు అర్ధశతాబ్దం దాటినా పోలేదు. 2017లో ఆ కుటుంబం స్టేషన్ ఎదుటి చోటు వదిలి, ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఊష్ అనే పల్లెకి మారింది. ఆర్కిటెక్ట్ పాత్రిక్ బుషాన్ పాత ఓక్ చెట్టుని ఉంచి, దాని చుట్టూ గాజు గోడల హాలు కట్టాడు. ఇప్పుడు వంటింటి బాధ్యత నాలుగో తరం సెజార్‌ది.

మనకి ఇక్కడ దొరికే చుట్టరికం పులుపు. ఆ అన్నదమ్ములకి పేరు తెచ్చిన వంటకం సాల్మన్ చేపకి ఒజెయ్ ఆకు సాస్. ఆ ఆకు మన చుక్కకూరకి దగ్గరి బంధువు, వృక్షశాస్త్రంలో రెండూ ఒకే ప్రజాతి. చేపని పల్చటి బిళ్లలుగా కోసి, పెనం మీద నిమిషం కూడా ఉంచకుండా తీసేస్తారు. క్రీమ్ సాస్ ముందు ప్లేటులో పోసి, చేపని దాని మీద పెడతారు. క్రీమ్ బరువుని ఆకు పులుపు కోసేస్తుంది. చుక్కకూర పప్పు తిని పెరిగినవాళ్లకి ఆ లాజిక్ ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. పియెర్ కొడుకు మిషెల్ కూడా ఆ పులుపుని వదల్లేదు. నిమ్మజాతి పండ్లు, జపాన్ రుచులు చేర్చి ఇంకా పదును పెట్టాడు. కాకపోతే ఈ రోజు మెనూలో ఆ సాల్మన్ ఉండి తీరాలని లేదు. దానికోసమే వెళ్తే ముందుగా అడగండి. చేపలు తినేవాళ్లకి, ఉప్పూ పులుపూ గట్టిగా ఉండాలనుకునేవాళ్లకి మూడింట్లోనూ ఇదే మొదటి ఎంపిక. లియోన్ నుంచి రోఆన్‌కి నేరుగా రైలుంది. అక్కడి నుంచి టాక్సీలో వెళ్లిపోవచ్చు.

శాకాహారికి మాత్రం బ్రాస్ తర్వాతే ఇది. ఊష్‌లో కూడా తోట ఉంది, కూరలు బాగా వండుతారు. కానీ ఆ ఇంటి వంట బలం సాస్‌లో ఉంది. ఫ్రెంచి సాస్ అడుగున చాలాసార్లు చేపదో మాంసానిదో ఉడుకునీరు ఉంటుంది. అది తీసేయమంటే వాళ్ల గొప్ప పనిలో కొంత మనకి అందకుండా పోతుంది.

వొన్నా తీరు పూర్తిగా వేరు. అక్కడ ఊరంతా కోడి. బ్రెస్ కోడికి 1957లోనే చట్టప్రకారం ప్రాంతీయ గుర్తింపు దక్కింది. తెల్లటి ఈకలు, ఎర్రటి జుట్టు, నీలం కాళ్లు, అచ్చం ఫ్రెంచి జెండా రంగులు. ఒక్కో కోడికి కనీసం పది చదరపు మీటర్ల పచ్చిక ఉండాలి. మొక్కజొన్న, గోధుమ, పాలతో పెంచుతారు. నలభై రోజుల్లో తూకానికి వచ్చే ఫారం కోడి కాదు, నాలుగు నెలలు పెరిగిన కోడి. నాటుకోడి రుచి తెలిసినవాళ్లకి ఆ తేడా మొదటి ముక్కలోనే తెలుస్తుంది. కండ గట్టిగా ఉంటుంది, అయినా ఎండిపోదు. దాన్ని క్రీమ్‌తో వండడం ఈ ప్రాంతపు సంప్రదాయం. జార్జ్ బ్లాన్ నాయనమ్మ ఎలీజా ఆ వంటకే పేరుపడింది. భోజన విషయాల్లో ఆ కాలానికి తిరుగులేని పేరున్న రచయిత కుర్నోన్‌స్కీ 1933లో ఆమెను ప్రపంచంలోకెల్లా గొప్ప వంటగత్తె అన్నాడు.

జార్జ్‌కి మూడో స్టార్ 1981లో వచ్చి, 2025లో పోయింది. అది విని వొన్నా వద్దనుకునేవాళ్లకి ఒకటే చెప్తాను: కోడి మారలేదు. పాత పద్ధతి ఫ్రెంచి వంట, గదినిండా సందడి, అమ్మమ్మల కాలంనాటి రుచి కావాలంటే ఇదే చోటు. ఎలీజా చేసిన చిన్న బంగాళదుంప అట్లు ఇప్పటికీ వేస్తారు. గుడ్లు, పాలు తినేవాళ్లకి అవి బాగుంటాయి. అవి తప్ప శాకాహారి ఇక్కడికి రావడానికి నాకు పెద్ద కారణం కనబడదు. డిసెంబరులో వెళ్లేవాళ్లకి మాత్రం ఇదే సీజన్. ఆ నెల్లో బ్రెస్ ఊళ్లలో కోళ్ల పోటీలు జరుగుతాయి, మన కోడిపందాలు కావు, వంటకి సిద్ధం చేసిన కోళ్లలో ఏది మేలో తేల్చేవి. 1862 నుంచి ఉన్న ఆచారం అది. అమ్మానాన్నలు వెంట ఉంటే, కారు లేకపోతే వొన్నా సుఖం. మాకాన్, బూర్గ్ మధ్య తిరిగే లోకల్ రైలు ఊళ్లోనే ఆగుతుంది.

డబ్బు విషయం దాచడం దేనికి? ఇలాంటి చోట్ల వైన్ కాకుండానే పూర్తి మెనూ మనిషికి 200 యూరోలు దాటుతుంది, త్రువాగ్రో స్థాయిలో 300 దాటడం మామూలే. సర్వీసు చార్జీ ధరలోనే కలిసి ఉంటుంది కాబట్టి టిప్ గురించి కంగారుపడక్కర్లేదు. కుళాయి నీళ్లు అడిగితే జగ్గుతో ఉచితంగా ఇస్తారు, అడగడంలో నామోషీ ఏమీ లేదు. మధ్యాహ్నానికి తక్కువ వంటకాల మెనూ పెట్టే చోట్లలో కొంత మిగులుతుంది. డబ్బు సంగతి పక్కనపెట్టినా పల్లెటూళ్లో మధ్యాహ్న భోజనమే మేలు. మూడు నాలుగు గంటలు కూర్చుంటాం, బయట పొలాలు కనబడాలి కదా. రాత్రి పది దాటాక, వైన్ తాగి, తెలియని కొండ రోడ్ల మీద కారు నడపడం అసలే కుదరదు. రాత్రి భోజనం చేయాలనుంటే అక్కడే గది తీసుకోండి. బ్రాస్‌కి జూన్‌లో వెళ్తే రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది, అప్పుడు గది ఖర్చు దండగ అనిపించదు.

ఏ చోటైనా "మేం వెజిటేరియన్" అన్న ఒక్క మాటతో ఆపేయొద్దు. ఫ్రాన్స్‌లో ఆ మాటకి కొందరు చేప తినొచ్చనే అర్థం తీసుకుంటారు. మాంసం వద్దు, చేప వద్దు, వాటి ఉడుకునీరు వద్దు, పంది కొవ్వు వద్దు, జెలటిన్ వద్దు అని విడివిడిగా మెయిల్‌లో రాయండి. గుడ్డు తినకపోతే అదీ రాయాలి, డెజర్ట్‌లు సగానికి సగం దానిమీదే నడుస్తాయి. చీజ్ గురించి పట్టింపు ఉన్నవాళ్లు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. లాయోల్ చీజ్‌తో సహా పేరున్న ఫ్రెంచి చీజ్‌ల్లో చాలావాటికి పాలు విరగడానికి దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్ వాడతారు.

అంత ఖర్చు పెట్టలేం అనుకుంటే ఆ ఊళ్లకి వెళ్లడం మానుకోనక్కర్లేదు. వొన్నాలో బ్లాన్ కుటుంబమే పాత సత్రం తరహాలో ఇంకో రెస్టారెంట్ నడుపుతోంది, అక్కడ చాలా తక్కువ ధరకి క్రీమ్ కోడి తినొచ్చు. ఒబ్రాక్ మీదైతే ఒకప్పుడు పశువుల కాపరులు చీజ్ చేసుకున్న రాతి ఇళ్లు కొన్ని ఇప్పుడు భోజనశాలలయ్యాయి. అక్కడ అలిగో అడగండి. ఉడికించి మెదిపిన బంగాళదుంపలో పచ్చి చీజ్, వెన్న, క్రీమ్, వెల్లుల్లి వేసి, గరిటె ఎత్తితే తీగలు సాగేదాకా కలుపుతారు. మామూలుగా పక్కన సాసేజ్ పెట్టి ఇస్తారు, వద్దంటే అలిగో ఒక్కటే వడ్డిస్తారు. బ్రాస్‌లో టేబుల్ దొరకని రోజు నేనైతే అక్కడికే వెళ్తాను.