లెక్కల పద్ధతికి ఏది మేలు: పేటెంటా, కాపీరైటా, ట్రేడ్‌మార్కా?

గుంటూరు బ్రాడీపేటలోనో విజయవాడ పటమటలోనో ట్యూషన్ సెంటర్ నడుపుతూ, లెక్కలు చకచకా చేయించే కొత్త పద్ధతి కనిపెట్టిన మాస్టార్లు ముందుగా అడిగేది ఒకటే: దీనికి పేటెంట్ వస్తుందా?

రాదు. 1970 పేటెంట్ల చట్టంలో సెక్షన్ 3(కె) గణిత పద్ధతులకూ అల్గారిథమ్‌లకూ తలుపు మూసేసింది. మనసులో చేసే లెక్కల పద్ధతికి 3(ఎం) అడ్డం. పూసల చట్రంలాంటి కొత్త పరికరం చేయించి ఉంటే ఆలోచించవచ్చు. అదైనా నలుగురికీ చూపించకముందే దరఖాస్తు పడాలి.

కాపీరైట్ సంగతి చూద్దాం. 65 వర్గం కావాలంటే 6ను 7తో హెచ్చవేసి 42, పక్కన 25 పెడితే 4225. ఈ కిటుకు ఎవరి సొత్తూ కాదు. మీ కొత్త పద్ధతీ చట్టం దృష్టిలో ఇలాంటిదే. దాన్ని నేర్పడానికి మీరు రాసుకున్న 40 పేజీల వర్క్‌బుక్, అందులోని వివరణ, బొమ్మలు, లెక్కల కూర్పు మాత్రం మీవి. పద్దుల విధానం మీద వచ్చిన ఒక పుస్తకం విషయంలో అమెరికా సుప్రీంకోర్టు 1879లోనే పద్ధతికీ దాన్ని వివరించే రాతకూ మధ్య ఈ గీత గీసింది. భావానికి కాపీరైట్ లేదని మన సుప్రీంకోర్టు 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో చెప్పింది.

కాపీరైట్ రాసిన క్షణం నుంచే ఉంటుంది. 500 రూపాయలు కట్టి చేయించే రిజిస్ట్రేషన్ సాక్ష్యానికి పనికొస్తుంది, అంతే. చాలామంది దెబ్బతినేది వేరేచోట. జీతం మీద పనిచేసే టీచరు ఉద్యోగంలో భాగంగా రాసింది సెంటరుదే. పేజీకింత అని ఇచ్చి బయటివాళ్లతో రాయిస్తే, రాతపూర్వకంగా బదిలీ చేయించుకోనంతవరకు హక్కు రాసినవాళ్లదే. ఆ కాగితంలో కాలం రాయకపోతే 5 ఏళ్లు, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే చెల్లుతుంది. పైగా బోధనలో భాగంగా టీచరు తీసే ప్రతులకు కాపీరైట్ చట్టం సెక్షన్ 52లో మినహాయింపు ఉంది. 2016లో ఢిల్లీ హైకోర్టు దాన్ని విశాలంగానే చదివింది. జిరాక్స్ తీసిన ప్రతివాడిమీదా గెలుస్తామనుకోవద్దు.

అందుకే చేతిలో ఉన్న డబ్బు ముందుగా పేరుమీద, అంటే ట్రేడ్‌మార్క్ మీద పెట్టమంటాను. మీ దగ్గర మానేసిన మాస్టారు పక్క వీధిలో అదే పద్ధతి చెబితే ఆపలేరు. అదే పేరుతో బోర్డు పెడితే ఆపగలరు. తల్లిదండ్రులు వెతుక్కుంటూ వచ్చేది ఆ పేరునే. ట్రేడ్‌మార్క్ దరఖాస్తు ఫారం టీఎం-ఏ ఆన్‌లైన్‌లో వేస్తే వ్యక్తులకు ఒక్కో తరగతికి (సరుకులనూ సేవలనూ విడదీసిన వర్గాల్లో ఒక్కోదానికి) 4,500 రూపాయలు. బోధనకు 41వ తరగతి, అచ్చు పుస్తకాలకు 16వది. రెండూ కావాలంటే 9,000. మన దరఖాస్తులు చెన్నై కార్యాలయానికి వెళ్తాయి. ట్రేడ్‌మార్క్ జర్నల్‌లో పడ్డాక 4 నెలలపాటు ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. రిజిస్టరైతే 10 ఏళ్లు, ఆపైన రెన్యువల్.

ఎక్కువగా బెడిసికొట్టేది పేరు దగ్గరే. ‘స్పీడ్ మ్యాథ్స్’ లాంటిది సరుకును వర్ణించే పేరు, ట్రేడ్‌మార్క్ చట్టం సెక్షన్ 9 కింద అభ్యంతరం వస్తుంది. అర్థం వెంటనే తట్టని, కొత్తగా కల్పించిన మాట పెట్టుకోండి. వినడానికి దగ్గరగా ఉన్న పేర్లు కూడా రెండు తరగతుల్లోనూ వెతికాకే బోర్డు రాయించండి. రిజిస్టరయ్యేదాకా టీఎం అని వేసుకోవచ్చు. వలయంలో ఆర్ గుర్తు వేస్తే పెనాల్టీ పడుతుంది.

పద్ధతిని రహస్యంగా ఉంచుతామంటే, రోజూ పిల్లల ముందు బోర్డు మీద రాసేది రహస్యం కాదు. మానేశాక రెండేళ్లు ఎక్కడా చెప్పకూడదని టీచర్లతో సంతకం పెట్టించుకున్నా, కాంట్రాక్టు చట్టం సెక్షన్ 27 ముందు ఆ షరతు నిలవదు.