మనాలీలో అద్దె బండి, లేహ్‌లో అప్పగింత: ఈ సర్వీసు ఎవరికి పనికొస్తుంది, ఎక్కడ దెబ్బ కొడుతుంది

హైదరాబాద్ నుంచి సొంత బండి మీద లేహ్ వెళ్లాలంటే మనాలీ చేరడానికే రెండు వేల కిలోమీటర్లు దాటుతుంది. పోనూ రానూ వారం రోజులు హైవే మీదే అయిపోతాయి. రైల్లో పార్సిల్ వేస్తే ట్యాంకు ఖాళీ చేయాలి, ప్యాకింగ్ చేయించాలి, ఫలానా రోజున చేరుతుందని గట్టిగా చెప్పేవాళ్లు ఉండరు. అందుకే పది రోజుల సెలవు మాత్రమే ఉన్నవాళ్లకి మనాలీలో బండి అద్దెకు తీసుకుని లేహ్‌లో అప్పజెప్పడమే మంచి పద్ధతి. సర్వీసు మంచిదే. కాకపోతే షాపువాళ్లు ముందు చెప్పని సంగతులు కొన్ని ఉన్నాయి, ఖర్చంతా అక్కడే పెరుగుతుంది.

మొదటిది లేహ్ నిబంధన. బయటి ఊళ్లలో అద్దెకు తీసుకున్న బండ్ల మీద లేహ్ దాకా రావచ్చు గానీ, అక్కణ్నుంచి ఖర్దుంగ్ లా ('లా' అంటే కనుమ), నుబ్రా, పాంగాంగ్ వైపు తిరగడానికి స్థానిక అద్దె బండ్ల యూనియన్ ఒప్పుకోదు. దారిలో ఆపి వెనక్కి పంపేస్తారు. కాబట్టి పది రోజులకి మనాలీలోనే బండి మాట్లాడుకుంటే, అందులో నాలుగైదు రోజులు అది లేహ్‌లో హోటల్ ముందు ఊరికే నిలబడి ఉంటుంది, అద్దె మాత్రం నడుస్తూనే ఉంటుంది. మనాలీ నుంచి లేహ్‌కి వన్‌వే మాట్లాడుకుని అక్కడ అప్పజెప్పేసి, లోకల్‌గా తిరగడానికి లేహ్‌లో ఇంకో బండి తీసుకోండి. వన్‌వేకి విడిగా డ్రాప్ ఛార్జీ ఉంటుంది, దాన్ని కూడా కలిపి లెక్క వేసుకోండి.

రెండోది నంబరు ప్లేటు. అద్దెకిచ్చే బండికి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉండాలి. తెల్ల ప్లేటు బండి ఐదొందలు తక్కువకి ఇస్తామన్నా తీసుకోవద్దు. అది సొంత వాడకానికి రిజిస్టర్ అయిన బండి, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర ఇరుక్కునేది మీరే. ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ కాగితాల తేదీలు అక్కడే చూసుకోండి.

ఏ బండి తీసుకోవాలి? ఒక్కరే వెళ్తుంటే 350 సీసీ రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ సరిపోతుంది. వెనక మనిషి, రెండు బ్యాగులు ఉంటే మాత్రం దాన్ని కష్టపెట్టొద్దు. దారిలో వచ్చే తంగ్లాంగ్ లా 17 వేల అడుగులు పైన ఉంటుంది. అక్కడ గాలి ఒత్తిడి సముద్ర మట్టంతో పోలిస్తే సగానికి కాస్త పైన, అంతే. ఇంజెక్షన్ బండి (పెట్రోలుని ఎలక్ట్రానిక్‌గా కొలిచి ఇంజన్‌కి ఇచ్చేది) పెట్రోలు తగ్గించుకుని సర్దుకుంటుంది గానీ, లేని గాలిని తేలేదు, పవరు దాదాపు సగానికి పడిపోతుంది. 24 హార్స్‌పవర్ ఉన్న అదే కంపెనీ పాత హిమాలయన్ 411 కూడా అక్కడ చిన్న బండిలాగే లాగుతుంది. ఇద్దరికైతే హిమాలయన్ 450 దొరికితే అదే మేలు. దాని ట్యాంకు 17 లీటర్లు, 411కి 15, క్లాసిక్‌కి 13.

ఆ లీటర్లతో చాలా పని ఉంది. దారి మొదట్లో వచ్చే తాండి బంకు దగ్గర తర్వాతి బంకు 365 కిలోమీటర్ల దూరమని బోర్డు ఉంటుంది. నడుమ కారూలో బంకు ఉన్నా, అది లేహ్‌కి దగ్గర్లోనే. ఘాట్లలో లీటరుకి పాతిక కిలోమీటర్లు లెక్క వేసుకుంటే 411 ఫుల్ ట్యాంకుతో బొటాబొటిగా చేరుతుంది. ఐదు లీటర్ల డబ్బా ఒకటి తప్పనిసరిగా కట్టుకోండి. పైకి వెళ్లేకొద్దీ బయటి గాలి ఒత్తిడి తగ్గి డబ్బా ఉబ్బుతుంది, కాబట్టి అంచు దాకా నింపొద్దు. మూత తీసేటప్పుడు మెల్లగా తిప్పండి.

ఇక అసలు పని, బండి చూసుకోవడం. దీనికి గంట కేటాయించండి, చీకటి పడ్డాక బండి తీసుకోవద్దు. ముందు ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూడండి. మీరు వచ్చేసరికే వెచ్చగా ఉందంటే చల్లటి స్టార్టింగ్ ఎలా ఉందో మీకు తెలియకుండా పోయినట్టే. ఇంజన్ పూర్తిగా చల్లారాక మళ్లీ స్టార్ట్ చేయించండి. సెంటర్ స్టాండ్ ఉంటే వేసి ముందు చక్రం నేలకు తగలకుండా లేపించి, హ్యాండిల్‌ని ఒక్క వేలితో నెమ్మదిగా అటూ ఇటూ తిప్పండి. నూనె రాసినట్టు జారిపోవాలి. సరిగ్గా మధ్యలోకి వచ్చేసరికి 'టక్' మని పట్టుకుంటే కోన్ సెట్‌లో (హ్యాండిల్ తిరిగే బేరింగుల్లో) గుంటలు పడ్డాయన్నమాట. ఇక్కడ టౌనులో అది పెద్దగా తెలియదు. గులకరాళ్ల దారిలో మాత్రం బండి మీరు చెప్పిన వైపు తిరగదు. అలాంటి బండి వద్దనేయండి, సరిచేసి ఇస్తామన్నా వద్దు.

చక్రాల చువ్వల్ని ఒక్కోటి స్పానర్‌తో తట్టండి, అన్నీ ఒకేలా మోగాలి. మొద్దుగా మోగినది వదులైన చువ్వ. వెనక స్ప్రాకెట్ (చెయిన్ తిరిగే పళ్ల చక్రం) మీద చెయిన్‌ని పట్టుకుని వెనక్కి లాగినప్పుడు పన్ను సగం బయటికి కనిపిస్తే చెయిన్ అరిగిపోయినట్టు. ముందు ఫోర్కుల (ముందు చక్రాన్ని పట్టుకునే షాక్ గొట్టాల) మీద నూనె తడి ఉండకూడదు. బ్రేక్ ప్యాడ్లు టార్చి వేసి చూడండి. తర్వాత క్లచ్: ఎత్తు రోడ్డు మీద మూడో గేరులో నెమ్మదిగా వెళ్తూ ఒక్కసారి యాక్సిలరేటర్ పూర్తిగా ఇవ్వండి. శబ్దం పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేట్లు అయిపోవచ్చాయి. ఈ పరీక్ష ఎందుకు ముఖ్యమో కింద చెబుతాను.

షాపువాళ్లు ఇచ్చే సంచిలో క్లచ్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్, ప్లగ్గు, చెయిన్ లింకు, క్లచ్, బ్రేక్ లివర్లు, ముందుకి ఒకటి వెనక్కి ఒకటి ట్యూబులు ఉండాలి. హిమాలయన్‌కి ముందు చక్రం 21 అంగుళాలు, వెనకది 17, కాబట్టి ఒకదాని ట్యూబు ఇంకోదానికి రాదు. ట్యూబు ఇచ్చి టైరు లివర్లు ఇవ్వకపోవడం, వెనక చక్రం నట్టుకి సరిపడే స్పానర్ లేకపోవడం మామూలే. ఆ స్పానర్‌ని నట్టుకి అక్కడే పెట్టించి చూడండి.

దారి సంగతి క్లుప్తంగా. మొదటి రోజు 9.02 కిలోమీటర్ల అటల్ టన్నెల్ దాటి జిస్పా దాకా చాలు. రెండు రాత్రులు జిస్పాలోనే ఉండి ఒళ్లు ఎత్తుకు అలవాటు పడనివ్వండి. చాలామంది సర్చూలో పడుకుని రాత్రంతా తలనొప్పితో కూర్చుంటారు, అది 14 వేల అడుగులు. జిస్పా నుంచి తెల్లారకముందే బయల్దేరితే బారాలాచా లా దిగువన ఉన్న వాగులు పొద్దున్నే దాటేయొచ్చు. మంచు కరిగి మధ్యాహ్నానికి అవే వాగులు మోకాళ్ల దాకా వస్తాయి. నీళ్లలో మొదటి గేరు, ఒకే యాక్సిలరేటర్, క్లచ్ ముట్టుకోవద్దు. ఇంజన్ మధ్యలో ఆగిపోతే సెల్ఫ్ కొట్టకండి. నెట్టుకుని ఒడ్డుకి చేర్చి, ఎయిర్ ఫిల్టర్ తడిసిందేమో చూశాకే స్టార్ట్ చేయండి. సైలెన్సర్ కన్నా గాలి దారిలో వెళ్లే నీళ్లే ఇంజన్‌ని చంపేస్తాయి.

తర్వాత గాటా లూప్స్, 21 మలుపులు. పై మలుపులో ఆగి కిందికి చూస్తే, ఎక్కొచ్చిన రోడ్డంతా కొండ ఒంటి మీద మడతలు వేసిన తాడులా కనిపిస్తుంది. ఆ దృశ్యం కోసం ఎంత దూరమైనా రావచ్చు. క్లచ్ ప్లేట్లు కాలేది కూడా ఇక్కడే. పవరు లేక బండి మొరాయిస్తుంటే చెయ్యి తనంతట తానే హాఫ్ క్లచ్‌కి పోతుంది. అలా కాకుండా గేరు దించి, క్లచ్ పూర్తిగా వదిలి ఎక్కించండి. పాంగ్ దాటాక మోరే మైదానాలు, నలభై కిలోమీటర్లు తిన్నగా. పక్క గాలికి బండి ఊగుతుంది, తారు మీద లోతైన పల్లాలు దూరం నుంచి కనబడవు. ఎనభై దాటొద్దు.

'రోడ్‌సైడ్ అసిస్టెన్స్' అన్న మాటకి ఇక్కడ విలువ తక్కువ. దార్చా దాటాక చాలా మేరకు సిగ్నల్ ఉండదు. లద్దాఖ్‌లో బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌ని నమ్ముకోవద్దు, పోస్ట్‌పెయిడ్ ఒకటి ఉంచుకోండి. బండి ఆగితే లారీకి ఎత్తించి పంపే ఖర్చు ఎవరిదో మనాలీలోనే కాగితం మీద రాయించుకోండి.

అప్పగింతలో గొడవంతా క్లచ్ ప్లేట్ల దగ్గరే. లివరో ఇండికేటరో విరిగితే కంటికి కనబడుతుంది, రేటు కూడా తెలిసిందే. క్లచ్ మాత్రం లోపల ఉంటుంది. ముందే అరిగి ఉన్నదో మీరు కాల్చారో ఎవరూ చెప్పలేరు, డిపాజిట్ మాత్రం వాళ్ల దగ్గర ఉంటుంది. అందుకే ఆ మూడో గేరు పరీక్షని షాపు మనిషిని వెనక కూర్చోబెట్టుకుని, మీటరు కనబడేలా వీడియో తీస్తూ చేయండి. లేహ్‌లో ఇచ్చే ముందు కూడా అదే పరీక్ష మళ్లీ చేసి చూపించండి. బండి కడిగించి పగటిపూటే ఇవ్వండి. లేహ్‌లో తీసుకునే మనిషి వేరేవాడు, డబ్బు మనాలీ నుంచి రావాలి. డిపాజిట్ ఫోన్‌లో పడ్డాకే తాళం చేతికివ్వండి.