రాయితీ, ఉచిత వైఫై, సొంత ఫైబర్: అందరికీ ఇంటర్నెట్ అందించడానికి ఏది మేలు?

ఒక ఇంట్లో ఇంటర్నెట్ లేకపోవడానికి అన్నిచోట్లా ఒకే కారణం ఉండదు. కొన్ని వాడలకు అసలు కేబులే రాదు; అక్కడ తవ్వి వేస్తే పెట్టిన ఖర్చు తిరిగి రాదని కంపెనీలు లెక్క వేసుకుంటాయి. కొన్ని ఇళ్ల ముందు నుంచే కేబుల్ పోతుంది గాని, నెలనెలా బిల్లు కట్టే స్తోమత ఆ ఇంటివారికి ఉండదు. ఈ తేడాను తగ్గించడానికి స్థానిక ప్రభుత్వాలు ముఖ్యంగా మూడు దారులు పట్టాయి: పేద కుటుంబాలకు బిల్లులో రాయితీ అందేలా చూడడం, బహిరంగ ప్రదేశాల్లో ఉచిత వైఫై పెట్టడం, నగరమే ఫైబర్ వేసుకోవడం. ఎంతమందికి ఎంత త్వరగా చేరిందని అడగడం సబబే. అయితే కేటాయించిన సొమ్ము అయిపోయిన మరునాడు జనం చేతిలో ఏం మిగిలిందన్న ప్రశ్నకు అంతకంటే ఎక్కువ విలువ ఇవ్వాలని నా అభిప్రాయం.

వేగంలో రాయితీని మించింది లేదు. తవ్వకాలు అక్కర్లేదు, ఉన్న కంపెనీలే కనెక్షన్ ఇస్తాయి, సాయం నేరుగా అవసరమైన ఇంటికి చేరుతుంది. అమెరికాలో 2021 చివరలో మొదలైన జాతీయ రాయితీ పథకం ఇందుకు పెద్ద ఉదాహరణ. అర్హులైన ఇంటికి నెలకు 30 డాలర్ల వరకు బిల్లు తగ్గించిన ఈ పథకంలో దాదాపు 2 కోట్ల 30 లక్షల కుటుంబాలు చేరాయి. డబ్బు కేంద్ర ప్రభుత్వానిదే అయినా, దరఖాస్తులు నింపించి జనాన్ని చేర్పించే పనిలో నగరపాలక సంస్థలు, గ్రంథాలయాలు చాలా శ్రమపడ్డాయి. చట్టసభ కొత్తగా నిధులు కేటాయించకపోవడంతో 2024 జూన్ 1న పథకం ముగిసింది. దాన్ని నమ్ముకున్న కుటుంబాలు మళ్లీ పూర్తి బిల్లు ముందు నిలబడ్డాయి. ఖర్చయిన వెయ్యి కోట్లకు పైగా డాలర్లతో ప్రజలకు చెందిన ఒక్క అడుగు కేబుల్ కూడా అదనంగా ఏర్పడలేదు. దీన్ని బట్టి రాయితీ వృథా అనడం న్యాయం కాదు, ఎందుకంటే ఆ రెండున్నరేళ్లలో పిల్లల చదువులు, ఉద్యోగ దరఖాస్తులు, వైద్య సంప్రదింపులు ఆ కనెక్షన్ల మీదే నడిచాయి. కాని కేబులే లేని వాడకు రాయితీ ఏ విధంగానూ ఉపయోగపడదన్న సంగతి మరవరాదు.

ఉచిత వైఫై చూడడానికి అన్నిటికన్నా ఉదారమైన ఏర్పాటులా కనిపిస్తుంది, అనుభవంలో మాత్రం అన్నిటికన్నా బలహీనంగా తేలింది. ఫిలడెల్ఫియా నగరం 2004లో ఊరంతటికీ వైర్‌లెస్ ఇంటర్నెట్ ఇస్తామని ప్రకటించి, నిర్మాణాన్ని ఒక ప్రైవేటు కంపెనీకి అప్పగించింది. వీధి స్తంభాల మీద పెట్టిన పరికరాల సిగ్నల్ ఇళ్ల గోడలు దాటి లోపలికి సరిగా రాలేదు, చందాదారులు అనుకున్నంతగా చేరలేదు, 2008లో కంపెనీ తప్పుకుంది. న్యూయార్క్ 2016లో పాత టెలిఫోన్ బూత్‌ల స్థానంలో వైఫై స్తంభాలు నిలపడం మొదలుపెట్టింది. ప్రకటనల ఆదాయమే దానికి ఆధారం. ప్రకటనదారులు ధనిక ప్రాంతాలనే కోరుకుంటారు కనుక స్తంభాలు ఎక్కువగా మాన్‌హట్టన్‌లోనే చేరాయి. సమానత్వం కోసం పెట్టినది ఆదాయం ఉన్న వైపే మొగ్గడం ఏర్పాటులోనే ఉన్న లోపం. పైగా వీధిలో నిలబడి హోంవర్క్ చేయడం, డాక్టరుతో మాట్లాడడం ఏ కుటుంబానికీ కుదిరే పని కాదు. గ్రంథాలయంలోనో, బస్టాండులోనో, ఆసుపత్రిలోనో ఉన్న వైఫై విలువను నేను కాదనను. ముఖ్యంగా గ్రంథాలయంలో వాడకం నేర్పే మనిషి కూడా ఉంటారు, ఆ మనిషి సాయం కంప్యూటరుకు కొత్త అయినవారికి కనెక్షన్ అంత అవసరం. అయినా అది ఇంటి కనెక్షన్‌కు తోడే తప్ప బదులు కాదు.

మూడో దారి ఖరీదైనది, ప్రమాదం కూడా ఎక్కువే. టెనెసీ రాష్ట్రంలోని చటనూగా నగరానికి సొంత విద్యుత్ సంస్థ ఉంది. స్తంభాలు, మరమ్మతు సిబ్బంది, బిల్లింగ్ వ్యవస్థ అన్నీ అప్పటికే దాని చేతిలో ఉన్నాయి. కేంద్రం ఇచ్చిన సుమారు 11 కోట్ల డాలర్ల గ్రాంటుకు సొంత అప్పు జోడించి ఊరంతా ఫైబర్ వేసి, 2010లో తన పరిధిలోని ప్రతి ఇంటికీ సెకనుకు ఒక గిగాబిట్ వేగాన్ని అందుబాటులోకి తెచ్చింది. విద్యుత్ అంతరాయాలను త్వరగా సరిచేసే స్మార్ట్ గ్రిడ్ కూడా ఆ కేబుల్ మీదే నడుస్తుంది కాబట్టి పెట్టుబడికి రెండు వైపుల నుంచి ప్రతిఫలం వచ్చింది. దీని అసలు ఫలితం 2020లో బడులు మూతపడ్డప్పుడు తెలిసింది. అర్హులైన సుమారు 28 వేల మంది పేద విద్యార్థుల ఇళ్లకు ఉచిత ఇంటర్నెట్ ఇస్తామని, దాన్ని పదేళ్లపాటు కొనసాగిస్తామని స్థానిక సంస్థలు ప్రకటించగలిగాయి. కేబుల్ ఇంటి ముందు నుంచే పోతున్నప్పుడు మరో ఇంటిని కలపడానికయ్యే ఖర్చు స్వల్పం. ఆ ఇంటి నుంచి రాగల లాభాన్ని పేదల కోసం వదులుకునే అధికారం నగరానికే ఉంది.

యూటా రాష్ట్రంలోని ప్రోవో నగరం ఇదే ఉద్దేశంతో దాదాపు 4 కోట్ల డాలర్ల అప్పు తెచ్చి నెట్‌వర్క్ కట్టి దెబ్బతిన్నది. నగరాలు నేరుగా వినియోగదారులకు సేవలు అమ్మడాన్ని అక్కడి రాష్ట్ర చట్టం కష్టతరం చేసింది. మధ్యలో ప్రైవేటు సంస్థల మీద ఆధారపడాల్సి రావడంతో ఆదాయం అప్పు తీర్చేంతగా రాలేదు. చివరికి 2013లో ఆ నెట్‌వర్క్‌ను గూగుల్‌కు ఒక్క డాలరుకు అమ్మారు, అప్పు భారం మాత్రం ఊరివాళ్ల మీదే మిగిలింది. నార్త్ కరొలైనా కూడా 2011లో ఇటువంటి ప్రయత్నాలకు చట్టంతో అడ్డుకట్ట వేసింది. కనుక సొంత సేవ ప్రారంభించే ముందు రాష్ట్ర చట్టం ఏమంటుందో, విద్యుత్ సంస్థ వంటి ఆధారం ఉందో లేదో చూసుకోవాలి.

ఆ ఆధారం లేని నగరాలకు స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్ పద్ధతి నాకు ఎక్కువ నచ్చుతుంది. 1994లో ఆ నగరం స్టోకాబ్ అనే సొంత కంపెనీ పెట్టి, భూమిలో గొట్టాలు, వాటిలో ఫైబర్ వేసి, దాన్ని ఒకే షరతులపై అన్ని సంస్థలకూ అద్దెకిస్తోంది. ఇంటింటికీ సేవ అమ్మే వ్యాపారంలోకి అది దిగదు. చందాదారులు తగినంతగా చేరతారని ప్రోవో ఆడిన జూదం ఇక్కడ లేదు, పోటీ వల్ల ధరలూ అదుపులో ఉంటాయి. ఇందులో ఒక లోటు ఉంది: అద్దెకు తీసుకున్న సంస్థ పేద వాడకు వెళ్లి తీరాలన్న నియమం దానంతట అది ఏర్పడదు, ఒప్పందంలో రాసుకోవాలి. ఆ చివరి అంచెను వదిలేస్తే ఏమవుతుందో మనకు తెలుసు. మన దేశంలో 2011లో ఆమోదం పొందిన జాతీయ ఫైబర్ పథకం, ఇప్పటి భారత్‌నెట్, ఎన్నో పంచాయతీ కార్యాలయాల దాకా కేబుల్ చేర్చింది గాని, అక్కడి నుంచి ఇళ్లకు చేరడం దగ్గర చాలాచోట్ల ఆగిపోయింది. విద్యుత్ స్తంభాలను ఆసరా చేసుకుని కేరళ 2023 జూన్‌లో ప్రారంభించిన కె-ఫోన్ మొదటి నుంచే 20 లక్షల పేద కుటుంబాలకు ఉచిత కనెక్షన్లను లక్ష్యంగా పెట్టుకోవడం ఈ దృష్టితో మెచ్చదగినది.

ఈ లెక్కన ప్రజా విద్యుత్ సంస్థ ఉండి, చట్టం అనుమతించేచోట చటనూగా దారి మేలు. మిగతాచోట్ల అద్దెకిచ్చే ఫైబర్ మేలు. కేబుల్ పడేలోగా పేద ఇళ్లకు రాయితీ ఉండాలి, అది ఎప్పటివరకో ముందే చెప్పాలి. అప్పుకు భయపడే చిన్న పట్టణం కూడా ఒక పని ఈ ఏడాదే మొదలుపెట్టవచ్చు: నీటి పైపుకో, మురుగు కాలువకో రోడ్డు తవ్విన ప్రతిసారీ అదే గుంతలో ఫైబర్ కోసం ఖాళీ గొట్టం వేయించాలని, ఆ వరుసలో ఇంతవరకు కేబుల్ రాని వాడలను ముందు పెట్టాలని తీర్మానం చేయడం.