ఫైరింజనులో భద్రమైన ఫోను: రెండు వేసవులు, రెండు దసరాల తరువాత

విజయవాడలో అగ్నిమాపక బృందంలో పనిచేస్తున్న మాకు 2024 వేసవిలో బండికొకటి చొప్పున గట్టి రకం ఫోన్లు ఇచ్చారు. ఒక్కోదానిలో రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు, కంట్రోల్ రూమ్‌కు రహస్యంగా కలిపే వీపీఎన్, పక్క మీట నొక్కి వాకీటాకీలా మాట్లాడుకునే యాప్ ఉంటాయి. రెండు వేసవులు, రెండు దసరాలు, ఒక పెద్ద వరద చూశాను కనుక, ఇలాంటివి తెప్పించుకోవాలనుకునే ఇతర పట్టణాల వారికోసం రాస్తున్నాను.

భద్రత విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఇంతకుముందు సొంత ఫోన్లలో వాట్సాప్ గ్రూపులే మాకు దిక్కు. ఒకసారి కాలిన గాయాలతో ఉన్న ఒక తల్లి ఫొటోను ఆసుపత్రి వారికి ముందుగా చూపించాలని పంపితే, ఆమె కొడుకు ఆసుపత్రికి చేరేలోపే అది వాళ్ల వీధిలోని ఫోన్లన్నిటికీ చేరిపోయింది. ఆ అబ్బాయి ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఈ యాప్‌లో తీసిన ఫొటో గ్యాలరీలోకి రాదు, బయటకు పంపడానికి వీలుండదు. బస్టాండ్ దగ్గర హడావిడిలో ఒక ఫోను జారిపోయినప్పుడు, మేము చెప్పిన పది నిమిషాల్లో కంట్రోల్ రూమ్ నుంచే దానిలోని సమాచారమంతా చెరిపేశారు.

ఫోను తయారీ కూడా ఫరవాలేదు. తడి గ్లౌజుతో తెర పనిచేయదు గానీ మీట పనిచేస్తుంది. మే నెల ఎండలో బండి అద్దం దగ్గర పెడితే మాత్రం వేడెక్కి ఛార్జింగ్ ఆపేస్తుంది, అందుకే మేము దాన్ని సీటు కింద పెడుతున్నాము.

అసలు ఇబ్బంది మేము ఊహించని చోట ఎదురైంది. వన్‌టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్ వెనుక సందుల్లోకి బండి పోదు. గొట్టం పరుచుకుంటూ మేమే లోపలికి నడవాలి. అలా నడిచేటప్పుడు ఒక సిగ్నల్ పడిపోయి ఫోను రెండో సిమ్‌కు మారితే, దాని నెట్‌వర్క్ చిరునామా మారుతుంది, దాంతో వీపీఎన్ తెగి మొదటినుంచి కలుస్తుంది. ఇందుకు దాదాపు 20 సెకన్లు పట్టేది. ఒక గోడౌన్ పొగలో నిలబడి "అన్నా, ప్రెషర్ పెంచు" అని మూడుసార్లు చెప్పినా బండి దగ్గరికి ఒక్క మాటా చేరలేదు. చివరికి మా కుర్రవాడు బయటకు పరుగెత్తి చేత్తో సైగ చేశాడు. చిరునామా మారినా కనెక్షన్ తెగకుండా నిలిపే మోబైక్ అనే పద్ధతి 2006 నుంచే ప్రమాణంగా ఉంది. సరఫరా చేసిన కంపెనీ వారు దాన్ని అమర్చడానికి మాత్రం ఎనిమిది నెలలు తీసుకున్నారు. అమర్చిన తరువాత ఆ సమస్య మళ్లీ కనిపించలేదు.

దసరాలో ఎదురైనది వేరే సమస్య. మూలా నక్షత్రం రోజున ఇంద్రకీలాద్రి కింద విధుల్లో ఉంటే తెర మీద గీతలన్నీ నిండుగా ఉంటాయి, మెసేజ్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. ఆ గీతలు సిగ్నల్ బలాన్ని చెబుతాయే తప్ప టవర్ మీద ఎంత రద్దీ ఉందో చెప్పవు. ప్రతి సిమ్‌కూ ఒక తరగతి ఉంటుంది: 0 నుంచి 9 వరకు సామాన్యులకు, 11 నుంచి 15 వరకు ప్రత్యేక అవసరాలకు, వాటిలో 14 అత్యవసర సేవలకు. రద్దీ పెరిగి నెట్‌వర్క్ సామాన్య తరగతులను ఆపినా ప్రత్యేక తరగతుల వారిని లోపలికి తీసుకోగలదు. మా సిమ్‌లు సామాన్యమైనవే కనుక భక్తులతోపాటు మేమూ అదే వరుసలో నిలబడుతున్నాము. అమెరికాలో 2012 నాటి చట్టంతో అత్యవసర సేవల కోసం ఫస్ట్‌నెట్ అనే నెట్‌వర్క్ ఏర్పడింది, దానికి బ్యాండ్ 14 అనే రేడియో తరంగాల పట్టీని కేటాయించి అత్యవసర సిబ్బందికి ముందు దారి ఇచ్చారు. మన దేశంలోనూ ఇలాంటి నెట్‌వర్క్ కోసం టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో సిఫారసులు చేసింది.

ఇక 2024 సెప్టెంబర్ 1. బుడమేరు నీళ్లు సింగ్‌నగర్‌ను ముంచెత్తిన ఆ రోజు మధ్యాహ్నం వరకు ఫోను పనిచేసింది. కరెంటు లేక టవర్ బ్యాటరీలు అయిపోయాక రెండు సిమ్‌లూ నిమిషాల తేడాలో మూగబోయాయి. రెండు కంపెనీలకూ అక్కడ టవర్ ఒక్కటేనని మాకు తరువాత తెలిసింది. మేడల మీద నుంచి జనం చేతులూపుతుంటే, ఏ ఇంట్లో కదల్లేని ముసలివాళ్లున్నారో పడవ నుంచి పడవకు చెప్పుకోవడానికి పాత వైర్‌లెస్ సెట్లే మిగిలాయి. టవర్‌తో పని లేకుండా సెట్టు నుంచి సెట్టుకు నేరుగా మాట వెళ్తుంది కాబట్టి అవి ఆగలేదు.

కొనేవారు సిమ్‌లు ఏ కంపెనీవని అడగడంతో ఆగకుండా, తమ పల్లపు కాలనీల్లో ఆ కంపెనీలు ఏయే టవర్ల మీద ఉన్నాయో, ఒక్కో టవర్‌కు ఎన్ని గంటల బ్యాటరీ ఉందో రాతపూర్వకంగా తీసుకోవాలి. ఈ ఫోను వచ్చిందని వైర్‌లెస్ సెట్లను మాత్రం వెనక్కి ఇవ్వకండి. మా బండిలో రెండూ ఉన్నాయి, షిఫ్టు మారినప్పుడల్లా రెండింటి బ్యాటరీలూ చూసుకున్నాకే సంతకం పెడుతున్నాము.