పసిపిల్లల ఉగ్గు పొడులు కొనే తల్లులకు జాగ్రత్త హెచ్చరిక: పాలు లేవని అమ్మిన ప్యాకెట్‌లో పాలపొడి

ఇంట్లోనే తయారు చేశామని చెప్పి వాట్సాప్‌లోనూ ఇన్‌స్టాగ్రామ్‌లోనూ అమ్ముతున్న మొలకెత్తిన రాగి పిండి, డ్రై ఫ్రూట్స్ ఉగ్గు, పసిపిల్లల హెల్త్ మిక్స్ వంటి వాటిని కొనే ముందు దయచేసి ఈ నాలుగు మాటలు చదవండి. ముఖ్యంగా మీ బిడ్డకు పాలు, వేరుశనగ, జీడిపప్పు, గోధుమ వంటి వాటిలో ఏదైనా పడదని వైద్యులు చెప్పి ఉంటే, అందులో ఏమేం కలిపారో ప్యాకెట్ మీద అచ్చు వేసి లేని పొడిని ఎంత తెలిసినవారు చెప్పినా కొనవద్దని గట్టిగా కోరుతున్నాను.

మా పాపకు ఏడాదిన్నర. ఆవు పాలు, గేదె పాలు, వాటితో చేసిన పెరుగు, నెయ్యి ఏవీ పడవు. ఇది పాలు అరగక కడుపు ఉబ్బే సమస్య కాదు. పాలలోని మాంసకృత్తుల మీద శరీరం తిరగబడే అలెర్జీ. అందుకే నెయ్యి చుక్కతో సహా మాన్పించమని మా పిల్లల వైద్యురాలు చెప్పారు. తెలుగింట్లో పసిబిడ్డకు నెయ్యి, పెరుగు లేకుండా రోజంతా వండి పెట్టడం ఎంత కష్టమో తల్లులకు వేరుగా చెప్పనక్కరలేదు. పప్పన్నంలో నెయ్యికి బదులు గానుగ నువ్వుల నూనె వేస్తాను. పెసరపప్పు, క్యారెట్, సొరకాయ మెత్తగా ఉడికించి మెదిపి పెడతాను, మునగాకు పొడిని పప్పులో కలుపుతాను. పాలు లేని లోటు తీరాలని రాగి జావ రోజూ ఇస్తాను. వంద గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది కనుక మాకు అదే పెద్ద ఆధారం. ఉద్యోగం మానుకుని ఇంటి పట్టున ఉంటున్నది కూడా ఈ వంట జాగ్రత్తగా సాగాలనే.

వర్షాలు పట్టిన రోజుల్లో మొలకెత్తించిన రాగులు సరిగా ఎండక పాడవుతున్నందువల్ల, పరిచయస్తులు మెచ్చుకున్న ఒక చిన్న అమ్మకందారు దగ్గర మొలకెత్తిన రాగి, బాదం, ఖర్జూరం కలిపిన ఉగ్గు పొడి తెప్పించాను. పావు కిలో 450 రూపాయలు. డబ్బు పంపేముందే మా పాపకు పాల అలెర్జీ ఉన్న సంగతి వివరంగా రాసి, పాలపొడి గానీ నెయ్యి గానీ వెన్న గానీ కలుపుతారా, పాలు కలిపిన వేరే పొడులు అదే మిక్సీలో పడతారా అని అడిగాను. "లేదు మేడమ్, ఒక్క చుక్క కూడా ఉండదు, మా పిల్లలకూ ఇదే పెడతాం, ధైర్యంగా తీసుకోండి" అని జవాబు వచ్చింది. ఆ సందేశం ఇప్పటికీ నా దగ్గర ఉంది.

వచ్చిన ప్యాకెట్ మీద రంగుల బొమ్మ, నవ్వుతున్న బాబు ఫొటో, "వంద శాతం సహజం", "చక్కెర లేదు" అన్న మాటలు ఉన్నాయి. తయారీ తేదీని పెన్నుతో రాశారు. పదార్థాల వరుస చోట "రాగులు, డ్రై ఫ్రూట్స్ మొదలైనవి" అని మాత్రమే ఉంది. ఆ "మొదలైనవి" చూసి మళ్లీ ఫోన్ చేస్తే, యాలకులు, సొంఠి వంటివని చెప్పారు. అంత స్పష్టంగా రెండుసార్లు చెప్పిన తరువాత ఒక చెంచా పొడిని నీళ్లలో కాచి, చల్లార్చి పెట్టాను. అరగంట తిరగకుండానే పాప మూతి చుట్టూ, మెడ మీద, వీపు మీద ఎర్రటి దద్దుర్లు లేచాయి, పెదవి వాచింది, తిన్నదంతా కక్కేసింది. దగ్గరలోని పిల్లల ఆసుపత్రికి పరుగెత్తాము. మందు పడ్డాక సాయంత్రానికి వాపు తగ్గింది, ఊపిరికి ఇబ్బంది రాలేదు. అలెర్జీ వచ్చిన బిడ్డ గొంతు బొంగురుపోయినా, ఊపిరిలో ఈల వినిపించినా, మెడ వాల్చి నీరసించినా ఇంటి చిట్కాల కోసం ఆగకుండా వెంటనే 108కు ఫోన్ చేయాలని వైద్యురాలు చెప్పారు. ఆ మాట ఇక్కడ అందరి కోసం రాస్తున్నాను.

మరునాడు అమ్మకందారును గట్టిగా అడిగితే, మొదట మా నీళ్లలో దోషం అన్నారు, తరువాత పాపకు రాగులే పడవేమో అన్నారు. రాగులు రోజూ తింటున్న బిడ్డ అని చెప్పి, నేను ముందే రాసిన సందేశం తిరిగి పంపిన మీదట అసలు విషయం ఒప్పుకున్నారు. ఉత్త రాగి పొడి చప్పగా ఉందని పిల్లలు తినడం లేదంటే, కొన్ని నెలలుగా రుచి కోసం "కొద్దిగా" పాలపొడి కలుపుతున్నారట. డబ్బు వెనక్కి ఇస్తాము, ఎక్కడా రాయకండి అన్నారు. ఆ పొడి ఎవరెవరి ఇళ్లకు వెళ్లిందో వారందరికీ పాలపొడి సంగతి తెలియజేయమని నేను అడిగిన దానికి మాత్రం ఇంతవరకు జవాబు లేదు. అందుకే ఈ హెచ్చరిక రాయవలసి వచ్చింది.

"కొద్దిగా" అన్న మాట గురించి కొంచెం చెప్పాలి. పాల అలెర్జీ తీవ్రంగా ఉన్న బిడ్డకు కొలత చిన్నదైనా ప్రమాదమే. మేక పాలు మంచివని కొందరు సలహా ఇస్తారు గానీ, వాటిలోని మాంసకృత్తులు ఆవు పాలలోని వాటిని చాలావరకు పోలి ఉంటాయి కనుక ఆవు పాలు పడని పిల్లల్లో చాలామందికి అవీ పడవు. లేబుల్ చదివేటప్పుడు "పాలు" అన్న పదం ఒక్కటే వెతికితే చాలదు. వే, కేసీన్, మిల్క్ సాలిడ్స్ అని ఉన్నా అవి పాల నుంచి వచ్చినవే. ఇక ప్యాకెట్ మీద ఉండే ఆకుపచ్చ చుక్క శాకాహారమని చెబుతుందే తప్ప పాలు లేవని చెప్పదు. ఈ తేడా తెలియక చుక్కను చూసి నమ్మే అత్తగార్లు, అమ్మమ్మలు ఎందరో ఉన్నారు; వారికి ఒకసారి నెమ్మదిగా వివరించండి.

మన దేశంలో ఈ విషయంలో చట్టం లేక కాదు. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006లో వచ్చింది. దాని కింద 2020లో చేసిన లేబులింగ్ నిబంధనల ప్రకారం ముందే ప్యాక్ చేసి అమ్మే ఆహారం మీద పదార్థాలన్నీ ఎక్కువ పరిమాణంలో ఉన్నదానితో మొదలుపెట్టి వరుసగా రాయాలి. పాలు, గుడ్డు, చేప, రొయ్యల జాతి, వేరుశనగ, జీడిపప్పు బాదం వంటి గింజలు, సోయా, గోధుమ వంటి గ్లూటెన్ ఉన్న ధాన్యాలు ఉంటే ఆ సంగతి వేరుగా ప్రకటించాలి. తయారు చేసినవారి పేరు, చిరునామా, బ్యాచ్ సంఖ్య, తయారైన తేదీ, ఎప్పటిలోగా వాడాలో కూడా ఉండాలి. తప్పుడు లేబుల్‌తో ఆహారం అమ్మితే మూడు లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. "మొదలైనవి" అని రాసి సరిపెట్టుకునే వీలు ఈ నిబంధనల్లో లేదు.

మరొక చట్టం గురించి చాలామంది తల్లులకు తెలియదు. ఆరు నెలలు దాటి రెండేళ్లలోపు ఉన్న పిల్లలకు తల్లిపాలతో పాటు పెట్టడానికని అమ్మే ఆహారానికి ప్రకటనలు చేయడాన్ని 1992 నాటి శిశు పాల ప్రత్యామ్నాయాలు, శిశు ఆహారాల చట్టం నిషేధిస్తోంది. అటువంటి డబ్బా మీద పసిబిడ్డ బొమ్మ గానీ తల్లి బొమ్మ గానీ వేయకూడదని కూడా అదే చట్టం చెబుతోంది. కనుక "ఆరు నెలల నుంచి పెట్టవచ్చు" అని రాసి, ముద్దులొలికే పాప ఫొటో అతికించి అమ్ముతున్నారంటే, ఆ అమ్మకందారుకు చట్టం తెలియదు, లేదా తెలిసీ లెక్క చేయడం లేదు. ఈ రెండింటిలో ఏది నిజమైనా, వారి వంటగదిలో శుభ్రత, కొలత, నిజాయితీ మీద మనకు ఏ ఆధారమూ మిగలదు.

ఆహారం అమ్మేవారికి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, అంటే కేంద్ర ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ, ఇచ్చే సంఖ్య పద్నాలుగు అంకెలు ఉంటుంది. పెద్ద వ్యాపారాల లైసెన్స్ సంఖ్య 1తో, చిన్న వ్యాపారాల నమోదు సంఖ్య 2తో మొదలవుతుంది. ఇంటి నుంచి అమ్మేవారికీ నమోదు తప్పనిసరి. దాని రుసుము చాలా తక్కువ కనుక స్తోమత లేక చేయించుకోలేదన్న మాట నిలబడదు. ప్యాకెట్ మీద సంఖ్య ఉన్నంత మాత్రాన నమ్మకుండా ఆ సంస్థ లైసెన్స్‌లు, నమోదుల వివరాలు ఉంచే ఫాస్కాస్ వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి, ఎవరి పేరు మీద ఉందో, ఇంకా చెల్లుతుందో లేదో తెలుస్తుంది. నా దగ్గరున్న ప్యాకెట్ మీద సంఖ్య ఉన్నది గానీ, వెతికితే అది మరెవరిదో పచ్చళ్ల వ్యాపారానిదని తేలింది. అయితే సంఖ్య సరైనదైనా అది నమోదుకు గుర్తు మాత్రమే, ఆ పొడిని పరీక్షించి మంచిదని ఇచ్చిన ధ్రువపత్రం కాదన్నది మరవకండి.

"చక్కెర లేదు" అన్న మాట కూడా తరచి చూడవలసిందే. బెల్లం పొడి, ఖర్జూరం పొడి, తాటి బెల్లం కలిపి చక్కెర లేదని రాయడం ఈ అమ్మకాల్లో మామూలైపోయింది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు రెండేళ్లలోపు పిల్లల ఆహారంలో చక్కెర కలపవద్దనే చెబుతున్నాయి. తేనె అయితే ఏడాదిలోపు బిడ్డకు అసలే పెట్టకూడదు. పిల్లలు లొట్టలు వేసుకుంటూ తింటున్నారన్న మెచ్చుకోలు చదివినప్పుడు, ఆ రుచి ఎక్కడి నుంచి వచ్చిందని ఒకసారి ఆలోచించండి.

మొలకెత్తిన రాగి పిండి అన్న పేరు మీదే ధర రెండింతలు, మూడింతలు అవుతోంది. మొలకెత్తినప్పుడు గింజలో పుట్టే ఎంజైములు పిండి పదార్థాన్ని విరగ్గొడతాయి కనుక ఆ పిండితో కాచిన జావ మామూలు పిండి జావకన్నా పలుచగా జారుతుంది. అందువల్ల చిన్న గిన్నెలోనే ఎక్కువ పిండి కలిపి పెట్టవచ్చు, చిన్న పొట్టకు అదే మేలు. నేను కొన్న పొడి కాచగానే గట్టిగా బిగిసింది. గింజలను బాగా మాడేలా వేయిస్తే ఆ ఎంజైములు నశిస్తాయి కనుక ఇది ఒక్కటే రుజువు అని చెప్పను, కానీ అనుమానానికి తగిన కారణమే. పైగా బాదం, జీడిపప్పు పట్టి కలిపిన పిండిలో నూనె ఉంటుంది, అది త్వరగా ముక్కిపోతుంది. సరిగా ఎండని మొలకలకు బూజు పడుతుంది. బయట ఉంచినా ఆరు నెలలు నిలువ ఉంటుందని చెప్పే ఇంటి పొడిని నేనైతే నమ్మను.

ఇప్పుడు మళ్లీ ఇంట్లోనే చేస్తున్నాను. సాధారణ రాగులు కిలో వంద రూపాయలలోపే దొరుకుతున్నాయి. రాళ్లు, మట్టి పోయేదాకా కడిగి, రాత్రంతా నానబెట్టి, పలుచని నూలు గుడ్డలో మూట కట్టి, అప్పుడప్పుడు నీళ్లు చిలకరిస్తే ఒకటి రెండు రోజుల్లో చిన్న మొలకలు వస్తాయి. పుల్లటి వాసన గానీ జిగట గానీ వస్తే ఆ మూట మొత్తం పారవేయాలి. ఎండ లేనప్పుడు ఫ్యాన్ కింద ఆరబెట్టి, ఆ తరువాత మందపాటి మూకుడులో సన్నని సెగ మీద తడి పూర్తిగా పోయేదాకా వేయించి, ఇంటి మిక్సీలోనే పట్టి జల్లించి, తక్కువ మొత్తంలో గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో ఉంచుతున్నాను. అలెర్జీ ఉన్న బిడ్డల తల్లులు పిండి మరకు పంపకపోవడమే మంచిది, మరలో ముందువారి గోధుమో శనగపప్పో కొంత మిగిలే ఉంటుంది. బాదం వంటివి కలపదలచుకుంటే వేరే సీసాలో ఉంచండి; ఏది పడిందో ఏది పడలేదో తెలుసుకోవడానికి అప్పుడే వీలవుతుంది.

ఇంటి నుంచి పొడులు, పచ్చళ్లు చేసి నిజాయితీగా అమ్ముకుంటున్న ఆడవారి పొట్ట కొట్టాలని నాకు లేదు. మా వీధిలోనే ఒకావిడ కారప్పొడుల మీద పదార్థాలన్నీ అచ్చు వేయించి అమ్ముతారు. ఏది అడిగినా వంటగది చూపిస్తారు. పసిబిడ్డ నోటికి వెళ్లే దాని విషయంలో నేను కోరుతున్నదీ ఆపాటి బాధ్యతే.

మీకు ఇటువంటిదే జరిగితే మిగిలిన పొడిని పారవేయకండి. ప్యాకెట్‌తో సహా గాలి చొరకుండా కట్టి ఉంచండి, లేబుల్ నాలుగు వైపులా ఫొటోలు తీయండి, సందేశాలు, డబ్బు పంపిన రసీదు, ఆసుపత్రి చీటీ భద్రపరచండి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వారి ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో ఫిర్యాదు చేయవచ్చు, మీ జిల్లా ఆహార భద్రతాధికారికి రాతపూర్వకంగా ఇవ్వవచ్చు. డబ్బు, పరిహారం విషయంలో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తే తెలుగులోనూ మాట్లాడతారు. కొన్న ఆహారాన్ని రుసుము కట్టి ప్రభుత్వ ఆహార విశ్లేషకుడి చేత పరీక్ష చేయించుకునే హక్కు 2006 చట్టంలోని 40వ సెక్షన్ మనకు ఇచ్చింది, అయితే పరీక్షకు పంపుతామని కొనేటప్పుడే అమ్మకందారుకు చెప్పాలి. ఆ మాట వినగానే అమ్మకందారు వెనక్కి తగ్గితే ఆ పొడి తీసుకోకండి.