నాలుగు నెలలు వచ్చిన ట్యూబు

ఏడాదిన్నరగా ఒకే సన్‌స్క్రీన్ ముఖానికి రాసుకుంటున్నాను. ఏడు ట్యూబులు అయిపోయి ఎనిమిదోది నడుస్తోంది. ఎండ నుంచి రక్షణ ఎంతో చెప్పే ఎస్‌పీఎఫ్ 50, పీఏ పక్కన నాలుగు ప్లస్‌లు అన్నవి డబ్బా మీద అందరూ చదివేవే కనుక వాటి జోలికి పోను. దీని మీద నాకున్న ఇష్టానికైనా, కోపానికైనా కారణం ఒక్కటే, దాని పల్చదనం.

మొదటి మూడు ట్యూబులు వాడినన్నాళ్లూ ఆ పల్చదనాన్ని అడిగినవారి దగ్గరా, అడగనివారి దగ్గరా పొగిడాను. నాది నుదుటి మీద, ముక్కు పక్కన జిడ్డు తేలే చర్మం. అంతకుముందు వాడిన జింక్ ఆక్సైడ్ క్రీములు నా చామనఛాయ మీద సుద్ద పూసినట్టు తెల్లగా తేలేవి. ఇది నీళ్లలా జారి, రెండు నిమిషాల్లో ఇంకిపోయి, అసలేమీ రాసుకోనట్టే ఉండేది. పైగా 50 గ్రాముల ట్యూబు నాలుగు నెలలు వచ్చేది. ఎంత పొదుపో అని మురిసిపోయాను.

పదార్థాల పట్టిక కూడా ధైర్యమే ఇచ్చింది. ఎండలోని యూవీఏ అనే అతినీలలోహిత కిరణాలను ఆపే అవోబెంజోన్ ఎండ తగిలితే తానే విచ్ఛిన్నమయ్యే రకం. దాన్ని నిలబెట్టే ఆక్టోక్రిలీన్ ఇందులో ఉంది, అవోబెంజోన్‌తో కలిస్తే వెలుతురులో రెండూ చెడిపోయే ఆక్టినాక్సేట్ లేదు. అయితే నీటి తరువాత రెండో పేరు ఆల్కహాల్‌ది. పదార్థాలను పరిమాణం తగ్గే వరుసలో రాస్తారని తెలిసి కూడా నేను దాన్ని పట్టించుకోలేదు. నేను మెచ్చుకున్న తేలికదనం చాలావరకు దాని చలవే.

కాన్పు తరువాత బుగ్గల మీద వచ్చిన మంగు చికిత్సతో పలచబడినట్టే పలచబడి, ఏడాది తిరిగేసరికి మళ్లీ చిక్కబడింది. ఎడమ బుగ్గ మీద మరీ ఎక్కువ. నేను పనిచేసే బల్లకు ఎడమవైపే కిటికీ ఉంది, యూవీఏ మామూలు గాజును దాటి వస్తుంది. చేతికొచ్చింది నకిలీ సరుకేమోనన్న అనుమానంతో ట్యూబును సంచిలో వేసుకుని చర్మవైద్యురాలి దగ్గరకు వెళ్లాను. ఆవిడ దాని వెనక రాతను ఒకసారి చూసి, "రోజూ రాసుకుంటున్నావు సరే, ట్యూబు ఎన్నాళ్లు వస్తోందమ్మా?" అని అడిగారు. నాలుగు నెలలని కాస్త గొప్పగానే చెప్పాను. ఆవిడ మందుల చీటీ వెనక్కు తిప్పి లెక్క వేశారు. ఎస్‌పీఎఫ్‌ను పరీక్షించేటప్పుడు చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున పూస్తారు. ముఖం, మెడ ముందుభాగం కలిపి సుమారు 600 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే ఒక్కసారికి 1.2 గ్రాములు కావాలి, ఆ లెక్కన ట్యూబు నలభై రోజులకు కాస్త అటూ ఇటూగా అయిపోవాలి. నాది 120 రోజులు వచ్చిందంటే నేను రాసుకున్నది రోజుకు 0.4 గ్రాములు, అంటే మూడో వంతు. పూత అంత తగ్గితే రక్షణ కూడా కనీసం అదే నిష్పత్తిలో, ఒక్కోసారి అంతకంటే ఎక్కువగా పడిపోతుందట. డబ్బా మీది 50 నా ముఖం మీద ఏనాడూ 50 కాలేదన్నమాట.

తప్పు నాదే, కాదనను. కానీ చిక్కటి క్రీము తక్కువైతే వేళ్లకు తెలుస్తుంది. ఇది బఠాణీ గింజంత తీసుకున్నా ముఖమంతా తడితడిగా పరుచుకుని, ఇక చాలనిపిస్తుంది.

మర్నాటి నుంచి చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలు పిండుకుని రాయడం మొదలుపెడితే, ఇది నేను పొగిడిన వస్తువేనా అనిపించింది. మాయిశ్చరైజర్ మీద రాస్తే దవడ అంచున, పెన్సిల్ గీత చెరిపినప్పుడు రబ్బరు రాలినట్టు తెల్లటి నలకలు ఉండలు కట్టేవి. నాలుగో రోజు మెట్లెక్కి వచ్చేసరికి చెమటతో పాటు కళ్లలోకి దిగి, పావుగంట సేపు కన్ను తెరవలేకపోయాను. మాయిశ్చరైజర్ మానేసి, సగం రాసి ఐదు నిమిషాలు ఆగి తక్కిన సగం రాస్తే ఉండలు ఆగాయి. కళ్ల చుట్టూ మాత్రం నేను తిట్టుకున్న జింక్ ఆక్సైడ్‌నే, స్టిక్ రూపంలో, మళ్లీ తెచ్చుకున్నాను. తెల్లటి కాలర్ల మీద తుప్పు రంగు మరకలు కూడా మొదలయ్యాయి. అవోబెంజోన్ నీళ్లలోని ఇనుముతో కలిస్తే అలా అవుతుంది, బ్లీచ్ పోస్తే పోకపోగా ఇంకా ముదురుతాయి.

ఈ ఆరు నెలల్లో మంగు కొంత తగ్గింది. అదే సమయంలో వైద్యురాలు రాత్రి పూతమందు మార్చారు, నేను కిటికీకి పరదా కట్టాను, కనుక ఆ ఘనత ఈ ట్యూబుకే కట్టబెట్టలేను. మంగును కంటికి కనిపించే వెలుతురు కూడా పెంచుతుంది. దాన్ని ఆపే ఐరన్ ఆక్సైడ్ ఉన్న రంగు సన్‌స్క్రీన్ నాకు ఇంకా మేలని ఆవిడ చెప్పారు, ఇందులో అది లేదు. జిడ్డు చర్మం ఉండి, మంగు లేక, రెండు వేళ్ల లెక్క తప్పనివారికి ఇది బాగానే కుదరవచ్చు. పొడిచర్మం వారి సంగతి, అంత ఆల్కహాల్ చూశాక, నేను చెప్పలేను.

నేనింకా మార్చలేదు. ప్రతి ట్యూబు అడుగునా తెరిచిన తేదీ పెన్నుతో రాసుకుంటున్నాను. ఎనిమిదోదానికి ఇవాళ ఇరవై రెండో రోజు. సగానికి పైగా ఖాళీ అయి ఉండాలి, నొక్కి చూస్తే ఇంకా బరువుగానే ఉంది.