10 రెట్ల ట్రిప్లెట్ లూప్: పాత నాణేలు కొనేవాళ్ల కోసం, ఏళ్ల వాడకం తర్వాత

నాణేల ఎగ్జిబిషన్‌కు వెళ్లినా, పాతబస్తీలో ఎవరో రూపాయలు అమ్ముతున్నారంటే వెళ్లినా నా జేబులో 10 రెట్ల ట్రిప్లెట్ లూప్, అంటే పదింతలు పెద్దదిగా చూపే చిన్న భూతద్దం, ఉంటుంది. మడిచి పెట్టుకునే రకం, గాజు వెడల్పు 21 మిల్లీమీటర్లు. ఏళ్ల తరబడి ఇదే వాడుతున్నాను. పాత నాణేల మీద డబ్బు పెట్టేవాళ్లు ఆల్బమ్ కంటే ముందు కొనాల్సింది ఇదేనని నా గట్టి అభిప్రాయం.

ముందు రెట్ల సంగతి. ఆన్‌లైన్‌లో 30, 40, 60 రెట్లు అని రాసి, లైటు కూడా పెట్టి చవగ్గా అమ్ముతుంటారు. నిజంగా 30 రెట్లయితే నాణేన్ని గాజుకు 8 మిల్లీమీటర్ల దూరంలో పట్టుకోవాలి. 21 మిల్లీమీటర్ల వెడల్పున్న గాజుతో అది అయ్యే పని కాదు, కాబట్టి ఆ అంకెల్ని నమ్మకండి. పైగా ఒంటి గాజులో ఓరల దగ్గర అక్షరాలు వంకరపోతాయి, రంగులు చెదురుతాయి. ట్రిప్లెట్‌లో మూడు గాజులు కలిపి అతికించి ఉంటాయి కనుక బొమ్మ అంచుదాకా తిన్నగా వస్తుంది. వెండి మీది మచ్చ అసలు రంగు కూడా తెలుస్తుంది.

దీన్ని కంటికి ఆనించి పట్టుకోవాలి. నాణేన్ని అంచులతో పట్టి, రెండున్నర సెంటీమీటర్ల దూరానికి తెచ్చి, రెండు చేతులూ ఒకదానికొకటి ఆనిస్తే వణుకు ఉండదు. వెలుతురు పైనుంచి కాకుండా పక్కనుంచి పడాలి. నాణేన్ని నెమ్మదిగా వంచుతూ తిప్పండి. అచ్చు కొట్టిన, అరగని నాణెం మీద మెరుపు ఒక చార లాగా గుండ్రంగా తిరుగుతుంది. పోత పోసిన నకిలీలో ఆ తిరుగుడు ఉండదు. ఉపరితలం సబ్బు రాసినట్టు మొద్దుగా ఉండి, అక్షరాల మొదళ్లలో సూది గుచ్చినంత గుంటలు కనిపిస్తాయి. పాలిష్ పట్టించిన నాణెం మీదైతే ఒకే దిక్కుకు వెళ్లే సన్నటి గీతలు బయటపడతాయి.

నేను రాజు బొమ్మ కంటే ముందు అంచు చూస్తాను. మన దగ్గర పాత వెండి రూపాయలకు కొక్కెం అతికించి హారంలో గుచ్చుకోవడం మామూలు. లంబాడా ఆడవాళ్ల నగల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. ఆ కొక్కెం ఊడదీసి, అరగదీసి, మామూలు నాణెం ధరకే అమ్ముతారు. వట్టి కంటికి ఏమీ తెలియదు. లూప్‌లో చూస్తే మాత్రం అంచు గీట్లు ఒకచోట పూడిపోయి, టంకం తాలూకు మసక రంగు అంటుకుని ఉంటుంది. అలాంటిదాన్ని వెండి ధరకు మించి కొనను.

మా హైదరాబాద్ చార్మినార్ రూపాయలే తీసుకోండి. చార్మినార్ కమాను లోపల ఒక చిన్న ఉర్దూ అక్షరం ఉంటుంది, ఆ నిజాం పేరులోని మొదటి అక్షరం. మీమ్ ఉంటే మహబూబ్ అలీ ఖాన్‌వి, ఐన్ ఉంటే ఉస్మాన్ అలీ ఖాన్‌వి. ఉస్మాన్ అలీ ఖాన్ ఏలుబడి మొదట్లో ఆ ఐన్ సగమే, ఆ తర్వాత పూర్తిగా వేశారు. రెండూ వేర్వేరు రకాలు. కాస్త అరిగిన నాణెంలో అది ఏదో చెప్పడానికి వట్టి కన్ను చాలదు. ఆ తేడా మొదటిసారి స్పష్టంగా చూసినప్పటి సంతోషం నాకింకా గుర్తుంది.

ఆరవ జార్జి 1939 రూపాయి దగ్గర ఈ లూప్ మరీ పనికొస్తుంది. అది అరుదు, ధర ఎక్కువ. 1938 దాని చివరి అంకెను చెక్కి 9 చేసి అమ్మజూపేవాళ్లున్నారు. ఆ 9 చుట్టూ చూడండి. అసలుదైతే నేల, అంటే అంకెల వెనకున్న చదును భాగం, మెరుపు తెగకుండా అంకె మొదలుదాకా వస్తుంది. చెక్కినదైతే తోక దగ్గర పనిముట్టు గీతలుంటాయి, అక్కడి నేల పక్కదానికంటే కొద్దిగా లోతుగా, నిర్జీవంగా ఉంటుంది.

రాముడి పట్టాభిషేకం బొమ్మతో, 1818 అనీ ఈస్టిండియా కంపెనీ అనీ రాసి లక్షలు చెప్పే అణాలకు మాత్రం లూప్ తీయడం కూడా దండగ. కంపెనీ వేంకటేశ్వరుడు, ఇద్దరు దేవేరుల బొమ్మలతో ‘మూడు స్వాముల’ బంగారు వరహాలు వేసిన మాట నిజమే. ఈ అణాలు మాత్రం కంపెనీ ఎప్పుడూ వేయలేదు.

లోపాలూ ఉన్నాయి. లైటు లేదు, అందుకే చిన్న టార్చ్ వెంట పెట్టుకుంటాను. మడత దగ్గరి స్క్రూ వదులవుతుంటే అప్పుడప్పుడు బిగించుకోవాలి. ధర చవక లూప్‌కు ఎన్నో రెట్లు. లోహం నాణ్యతను ఇది చెప్పలేదు. దానికి 0.01 గ్రాము దాకా చూపే చిన్న కాటా తోడుండాలి. బ్రిటిష్ వెండి రూపాయి 11.66 గ్రాములు, చార్మినార్ రూపాయి 11.18 గ్రాములు. అరుగుదలకు కొంత తగ్గొచ్చు గానీ ఎక్కువ తూగితే నేను తిరిగి ఇచ్చేస్తాను.